పాత టేకు తలుపు, వసారా స్తంభాలు: రంగు ఊడదీసి కొత్తగా పాలిష్ చేసే పద్ధతి

ఊళ్ళో పెంకుటిల్లు ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. "సింహద్వారం మీద నాలుగైదు పొరల ఎనామిల్ ఉంది. కింద టేకు అంటున్నారు. గీకిస్తే బాగుంటుందా? మనమే చేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు. కాకపోతే ఇంట్లో బీరువాకి చేసే పాలిష్ వేరు, ఎండావానా తగిలే చెక్కకి చేసేది వేరు. ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. మా ఇంటి బయటి కిటికీలకు పట్నం నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన మెలమైన్ (లోపలి ఫర్నిచర్‌కి వేసే మెరుపు పూత) కొట్టి వెళ్ళాడు. సంక్రాంతికి అద్దంలా మెరిశాయి. వానాకాలం ముగిసేసరికి పడమటి కిటికీ మీద పొర ఉల్లిపొరలా లేచిపోయింది, కింద చెక్క నల్లబడింది. మళ్ళీ మొదటి నుంచి గీకాల్సి వచ్చింది.

ఇక్కడ రాసింది సింహద్వారం, ద్వారబంధం, బయటి కిటికీలు, వసారా స్తంభాల గురించి. రెండు రెక్కల తలుపు, దాని ద్వారబంధం ఒక్కరే చేసుకుంటే 10 నుంచి 12 రోజులు పడుతుంది. అందులో చేతులు ఆడేది సగం రోజులే. మిగతాదంతా చెక్క ఆరడానికి, పూత ఆరడానికి. చెడిపోయిన పనుల్లో ఎక్కువ భాగం ఈ ఎండబెట్టే రోజులు మిగుల్చుకోబోయి చెడినవే.

## 1. ఏ నెలల్లో మొదలుపెట్టాలి

కోస్తాలో సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి నెలాఖరుకి ముగించాలి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం ఉంటుంది. తెలంగాణలో నవంబరు చివరి నుంచే పని పెట్టుకోవచ్చు.

డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే మంచు కురుస్తుంది కాబట్టి ఎండ ఎక్కి చెక్క మీద తడి ఆరేదాకా డబ్బా మూత తీయకండి. ఏప్రిల్, మే నెలల్లో దీనికి వ్యతిరేకం. బ్రష్ ఇటు నుంచి అటు వెళ్ళేలోపే వార్నిష్ గట్టిపడి చారలు పడతాయి.

శ్రావణంలో పెళ్ళి పెట్టుకుని ఆషాఢంలో తలుపు గీకడం మొదలుపెట్టేవాళ్ళను చూశాను. దానికన్నా తలుపు కడిగి, తోరణం కట్టి ఊరుకోవడం మేలు.

## 2. చెక్క మీద ఇప్పుడేముందో తెలుసుకోండి

రెక్క పై అంచున, ఎవరికీ కనపడని చోట ఈ పరీక్ష చేయండి.

- పాలిష్ స్పిరిట్‌లో దూది ముంచి రెండు నిమిషాలు అదిమి ఉంచండి. పూత జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌తోనే తుడిచేయొచ్చు, రిమూవర్ (రంగు ఊడదీసే మందు) దండగ.
- స్పిరిట్‌కి ఏమీ కాకపోతే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో అదే పని చేయండి. పూత కరిగి నున్నగా జారితే లాకర్ అనే రకం పూత. ముడతలు పడి లేస్తే ఎనామిల్ లేదా నూనె వార్నిష్.
- దేనికీ చలించకపోతే గట్టి పీయూ (పాలీయురెథేన్) పూత. దీనికి రిమూవర్ రెండు మూడుసార్లు వేయాల్సి రావచ్చు, సాండ్‌పేపర్ పనీ ఎక్కువే.

తర్వాత ఒక బ్లేడుతో చిన్న చోట పొరలన్నీ చెక్కదాకా గీకి చూడండి. ఎన్ని పొరలున్నాయో, కింద చెక్క ఏదో తెలుస్తుంది. పాత ఇళ్ళలో తలుపు ఒక్కటే టేకు పెట్టి, కిటికీలు మద్దితోనో వేపతోనో చేయించిన సందర్భాలు చాలా ఉంటాయి. ఏగిస చెక్క అయితే తడి చేస్తే గోధుమ రంగు నీళ్ళు కారతాయి. తెల్లగోడ పక్కన ఉంటే ముందే గోడకు కవరు అంటించుకోండి.

ఈ చిన్న గాటులో కనపడిన చెక్క మీకు నచ్చకపోతే ఆగిపోవచ్చు. రకరకాల చెక్కలు అతికి, లప్పం నింపి ఉన్న తలుపుకి మళ్ళీ మంచి ఎనామిల్ వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

## 3. పాత రంగులో సీసం

ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉందనే అనుకుని పని చేయండి. ఊళ్ళో తలుపులకు ఎక్కువగా వేసినవి ఆ రంగులే కదా.

సీసం పొడి రూపంలో లోపలికి పోతుంది. పిల్లల మెదడుకి, కడుపులో బిడ్డకి అది చేసే హాని ఎక్కువ. కాబట్టి:

- పిల్లలు, గర్భిణులు పని జరిగినన్నాళ్ళు ఆ వైపు రాకూడదు. వీలైతే వేరే ఇంట్లో ఉండాలి.
- పాత రంగు మీద మెషీన్‌తో పొడి సాండింగ్ వద్దు. గీకాల్సి వస్తే నీళ్ళు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దండి.
- బ్లో ల్యాంపుతో కాల్చకండి. సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా తాటి దూలాలు, వాసాల మధ్య ఎండు చెత్త, పిచ్చుక గూళ్ళు ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు.
- కింద టార్పాలిన్ పరిచి, రాలిన రంగంతా మూటకట్టండి. పెరట్లో పారబోస్తే కోళ్ళు పొడుస్తాయి, వాన వస్తే మట్టిలో కలుస్తుంది.
- చీపురుతో ఊడ్చకండి. తడిగుడ్డతో తుడవండి. పని బట్టలు విడిగా ఉతకండి.

దుమ్ముకి ఎన్-95 మాస్క్ వాడాలి, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే చాలదు.

## 4. చెక్క గట్టిగా ఉందా, పుచ్చిందా

ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ఈ చోట్ల గుచ్చి చూడండి: ద్వారబంధం గడపను కలిసే మూలలు, స్తంభం రాతి దిమ్మ మీద కూర్చునే చోటు, కిటికీ చట్రం అడుగు పట్టీ, తలుపు రెక్కల అడుగు అంచు. చేవ (చెట్టు నడిమి గట్టి చెక్క) ఉన్న టేకులోకి మొన దిగదు. వెన్నలోకి దిగినట్టు పోతే చెక్క కుళ్ళింది.

టేకు చేవకు చెద పట్టడం అరుదు. కానీ బెరడు పక్క ఉండే తెల్లచెక్కకు ఆ బలం లేదు, పాత తలుపుల్లో అంచుల వెంట ఆ పట్టీ కనిపిస్తుంది. మట్టి గీతలు కనపడితే చెద. సన్నటి చిల్లుల నుంచి మెత్తటి పిండిలాంటి పొట్టు రాలుతుంటే పుచ్చు పురుగు. రెండింటిలో ఏది ఉన్నా ముందు దానికి మందు కొట్టించి, ఆ తర్వాతే పాలిష్ సంగతి.

స్తంభం అడుగు కుళ్ళితే అది మీ పని కాదు. దూలానికి ఊతం పెట్టకుండా స్తంభాన్ని కదిపితే కప్పు కిందికి దిగుతుంది. అనుభవం ఉన్న వడ్రంగి కుళ్ళిన ముక్క కోసేసి కొత్త చెక్క అతుకు వేస్తాడు. అతుకు పడ్డాకే మీరు మొదలుపెట్టండి.

## 5. సామాను

- పెయింట్ రిమూవర్: ఒక లీటరు సుమారు 30–40 చదరపు అడుగులకు ఒక పూత వస్తుంది. నాలుగు పొరల ఎనామిల్‌కి రెండు పూతలు లెక్కేసుకోండి.
- లప్పం పెట్టే పట్టీలు రెండు. వాటి మూలలు ఆకురాయితో గుండ్రంగా చేయండి, లేకపోతే టేకు మీద గాట్లు పడతాయి.
- నైలాన్ బ్రష్, వెదురు పుల్లలు, జనపనార తాడు.
- సాండ్‌పేపర్ 80, 120 నంబర్లు, పూతల మధ్యకు 320.
- టర్పెంటైన్, థిన్నర్, పాత నూలు గుడ్డలు.
- రసాయనాలకు తట్టుకునే గ్లవ్స్, కళ్ళద్దాలు.
- మూత ఉన్న ఇనుప బకెట్, నిండా నీళ్ళతో. ఎందుకో పదకొండో భాగంలో చెప్తాను.

చాలా రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. ఇది ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు. ఎన్-95 దీన్ని ఆపదు. వాసనలు ఆపే క్యాట్రిడ్జ్ మాస్క్ కూడా ఎక్కువసేపు ఆపలేదు. అందుకని రిమూవర్ పని ఆరుబయటే, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయాలి. తలుపులు మూసిన గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

## 6. విప్పడం

గొళ్ళాలు, గడియలు, ఇత్తడి గుబ్బలు, తాళం కప్ప విప్పి, ఏది ఎక్కడిదో చీటీ రాసి విడివిడి కవర్లలో వేయండి. ముందుగా ఫోన్‌తో ఫోటో తీసుకుంటే తర్వాత తగువుండదు.

రెక్కలు దించి రెండు బల్లల మీద పడుకోబెట్టి చేస్తే పని సగం తేలిక. రిమూవర్ కారిపోదు, వార్నిష్ జారదు. రాత్రికి ఇల్లు తెరిచి ఉంచలేం కాబట్టి ఒక్కో రెక్క చొప్పున దించండి. సింహద్వారం దించడం మంచిది కాదని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే వాదించకండి, నిలబెట్టే చేయొచ్చు. రిమూవర్ మాత్రం చిక్కటి జెల్ రకం కొనాలి.

## 7. రంగు ఊడదీయడం

1. ఒకేసారి తలుపంతా పూయకండి. రెండు అడుగుల చోటు తీసుకోండి.
2. రిమూవర్‌ని మందంగా, ఒకే దిశలో పూసి వదిలేయండి. రంగు వేసినట్టు అటూ ఇటూ బ్రష్ ఆడిస్తే పైన కట్టిన పొర చిరిగి మందు ఆవిరైపోతుంది.
3. పైన పాలిథిన్ కవరు పరిచి 30–40 నిమిషాలు ఆగండి. నీడలోనే. ఎండలో పూస్తే పది నిమిషాల్లో ఎండి అట్టకడుతుంది.
4. ఒక మూల పట్టీతో నెట్టి చూడండి. చెక్కదాకా ముద్దగా లేచివస్తే చెక్క గీతల వెంట నెట్టుకుంటూ తీసేయండి. పై రెండు పొరలే లేస్తే గీకకుండా మళ్ళీ పూయండి. ఇక్కడ బలం ఉపయోగించిన ప్రతిచోటా తర్వాత గాటు కనిపిస్తుంది.
5. చెక్కడం ఉన్నచోట వెదురు పుల్ల మొన చెక్కి దానితో తీయండి. స్తంభాల మీద తిరిగిన గాడుల్లో జనపనార తాడు చుట్టి, మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ లాగండి. గాడి అంచు చెడకుండా రంగు మొత్తం వస్తుంది.
6. చివరికి థిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడవండి. రిమూవర్‌లో ఉండే మైనం చెక్క మీద మిగిలితే కొత్త పూత పట్టదు.

ఇనుప తీగ బ్రష్ వాడకండి. దాని సన్నటి తునకలు చెక్కలో ఇరుక్కుని, మొదటి వానకే నల్లచుక్కలుగా బయటపడతాయి. స్టీల్ ఊల్ కూడా అంతే.

కాస్టిక్ సోడా గురించి ఒక మాట. చవకని, త్వరగా అయిపోతుందని కొందరు పెయింటర్లు సోడా నీళ్ళు పోసి కడుగుతారు. రంగు పోతుంది, నిజమే. దాంతోపాటు టేకు నల్లబడుతుంది, పీచు లేస్తుంది, గాడుల్లో మిగిలిన సోడా కొత్త వార్నిష్‌ని లోపలి నుంచి తినేస్తుంది. ఇప్పటికే ఎవరైనా ఆ పని చేసి ఉంటే వెనిగర్ కలిపిన నీళ్ళతో, ఆ తర్వాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి వారం రోజులు ఆరనివ్వండి.

హీట్ గన్ మందపాటి ఎనామిల్‌ని బాగా లేపుతుంది. కానీ సీసం అనుమానం ఉన్న రంగు మీద వద్దు, అద్దాల దగ్గర అసలు వద్దు, పగులుతాయి.

## 8. సాండ్‌పేపర్ పని

80తో మొదలుపెట్టి 120తో ఆపండి. లోపలి ఫర్నిచర్‌కి 220, 320 దాకా రుద్దే మేస్త్రిని ఇక్కడ ఆపాలి. బయటి చెక్కను గాజులా నున్నగా చేస్తే పూత పట్టుకోవడానికి గరుకు మిగలదు, నూనె లోపలికి ఇంకదు.

ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పొడి చెక్క మీద ఏమీ కనపడదు. వార్నిష్ పడ్డాక మాత్రం పిల్లి గీరినట్టు ప్రతి గీతా కనపడుతుంది. యాంగిల్ గ్రైండర్‌కి సాండింగ్ డిస్క్ తొడిగి చేసేవాళ్ళతో ఇదే బాధ, తలుపు నిండా చంద్రవంకలు పడతాయి.

చీకటి పడ్డాక టార్చిలైటు చెక్కకు ఆనించి పక్కవాటుగా వేసి చూడండి. పగలు దాగిన గీతలు, మిగిలిన రంగు మరకలు అన్నీ బయటపడతాయి. సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని పొద్దున్నే సరిచేయండి.

పదునైన అంచులన్నీ కొద్దిగా గుండ్రం చేయండి. పదును మీద పూత నిలవదు, పొర లేవడం ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది.

## 9. మచ్చలు, బీటలు, మేకులు

నల్లమచ్చలు. గొళ్ళెం చుట్టూ, తోరణం మేకుల చుట్టూ ఉండేవి ఇనుప తుప్పు మచ్చలు. సాండ్‌పేపర్‌తో పోవు. లీటరు వేడినీళ్ళలో 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, మచ్చ ఒక్కదానికే కాకుండా ఆ పలక మొత్తానికి పూయండి. ఒక్కచోటే పూస్తే అక్కడ తెల్లటి ముద్ర పడుతుంది. 20 నిమిషాలాగి మూడుసార్లు నీళ్ళతో కడగండి. ఇది విషం. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. సరిగా కడగకుండా ఆరాక రుద్దితే ఆ పొడి గొంతు మండిస్తుంది.

తోరణం మేకులు. ద్వారబంధం పైన పాతిక మేకులు ఉంటాయి, సగం తలలు విరిగి లోపలే ఉంటాయి. వచ్చినవాటిని కింద చిన్న చెక్కముక్క ఆన్చి పటకారుతో పీకండి. రానివాటిని సుత్తితో ఇంకాస్త లోపలికి దింపి, పైన ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) మూయండి. ఇకమీదట రెండు చివరలా ఇత్తడి కొక్కేలు బిగించుకుంటే పండగ పండగకీ కొత్త మేకు పడదు.

బీటలు. గోడకు పెట్టే లప్పం, సుద్దపొడి, పీఓపీ ఇవేవీ బయటి చెక్కకు వద్దు. వాన నీళ్ళు పీల్చి ఉబ్బి ఊడిపోతాయి. సన్నటి బీటకు అదే తలుపు నుంచి వచ్చిన టేకు పొడిని నీటికి తట్టుకునే వుడ్ గ్లూతో కలిపి నింపండి. వేలు పట్టే గొయ్యి ఉంటే ఎపాక్సీ.

ఒకచోట మాత్రం ఏమీ నింపకూడదు. తలుపు చట్రంలో పలకలు కూర్చునే గాడి సందు. పలక వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుదించుకుంటుంది. ఆ సందు దానికోసమే వదిలారు. నింపేస్తే పలక కదల్లేక నిలువునా చీలుతుంది.

ఆరడం. ఆఖరిసారి నీళ్ళు తగిలాక కనీసం మూడు మంచి ఎండ రోజులు ఆగండి. తేమ మీటరు దొరికితే 15 శాతం లోపు చూపించాలి, తెలంగాణ వైపు 12కి దగ్గరగా రావాలి.

## 10. ఏ పూత ఎక్కడ

డబ్బా మీద బయటి వాడకానికి అని రాసి ఉందో లేదో ముందు చూడండి. మెలమైన్, ఎన్‌సీ లాకర్, ఫ్రెంచ్ పాలిష్ మూడూ లోపలివే. లక్క పాలిష్ మీద నీళ్ళు నిలిస్తే తెల్లబడుతుంది.

బయటి వుడ్ ఆయిల్. చెక్కలోకి ఇంకుతుంది, పైన పొర కట్టదు, కాబట్టి పొర లేవడమనే సమస్యే ఉండదు. ఏడాదికోసారి మళ్ళీ పూయాలి, కానీ అది ఒక పూట పని, గీకక్కర్లేదు. వానజల్లు తగిలే స్తంభాలకు నేను ఇదే వాడతాను.

బయటి పీయూ లేదా వార్నిష్, ఒకే డబ్బాలో వచ్చేది. ఎండను ఆపే యూవీ గుణం ఉన్నది తీసుకోవాలి. వసారా నీడలో ఉన్న సింహద్వారానికి ఇది చక్కగా సరిపోతుంది. రెండేళ్ళకోసారి పైపైన రుద్ది ఒక పూత వేయాలి.

రెండు డబ్బాలు కలిపే పీయూ. అన్నిటికన్నా గట్టిది. కానీ ఒకసారి లేచిందంటే ముక్కగా సరిచేయలేం, మొత్తం గీకాల్సిందే. దీన్ని గట్టిపరచే రెండో డబ్బాలో (హార్డెనర్) ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, స్ప్రే చేస్తే ఉబ్బసం తెప్పిస్తుంది. సొంతంగా చేసుకునేవాళ్ళకు నేను చెప్పను.

ఎనామిల్. పడమటి ఎండ నేరుగా కొట్టే కిటికీకి రంగును మించిన రక్షణ లేదు. పారదర్శకంగా ఉన్న ఏ పూతా ఎండను పూర్తిగా ఆపదు. రంగు కొద్దిగా కలిసిన పూత, ఏ రంగూ లేనిదానికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

కొబ్బరినూనె, ఆముదం పూయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఆ నూనెలు ఎప్పటికీ గట్టిపడవు, దుమ్ము పట్టి జిడ్డు తేలుతుంది. పచ్చి అవిసె నూనె ఆరుతుంది గానీ వారాలు తీసుకుంటుంది, ఈలోగా బూజు నల్లగా పడుతుంది. వాడేసిన ఇంజను ఆయిల్ పూశారంటే ఆ చెక్క మీద ఇక ఏ పాలిష్ పట్టదు.

## 11. పూయడం

వార్నిష్, పీయూ వేసేముందు టేకుని థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి, అది ఆరిన వెంటనే మొదటి పూత వేయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. నిన్న తుడిచి ఇవాళ వేస్తే ఆ నూనె మళ్ళీ పైకి తేలుతుంది. పూత ఆరకపోవడానికి, పట్టకపోవడానికి సగం కారణం ఇదే.

నూనె అయితే

1. ధారాళంగా పూయండి. 15–20 నిమిషాలు ఇంకనివ్వండి.
2. పైన మిగిలినదంతా పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఖరీదైన నూనె అని ఉంచేస్తే అది అంటుకుపోయే జిగురవుతుంది.
3. మర్నాడు రెండో పూత. అడ్డంగా కోసిన చెక్క కొనలకు మూడోది కూడా.

వార్నిష్ అయితే

1. డబ్బా ఊపకండి, బుడగలు వస్తాయి. పుల్లతో నెమ్మదిగా కలపండి.
2. మొదటి పూతలో 10 నుంచి 20 శాతం టర్పెంటైన్ కలపండి, చెక్కలోకి దిగుతుంది. డబ్బా మీద వేరే థిన్నర్ చెప్తే అదే వాడండి.
3. వరస ఇది: ముందు లోపలి పలకలు, తర్వాత అడ్డ పట్టీలు, ఆ తర్వాత నిలువు పట్టీలు, ఆఖర్న అంచులు.
4. 24 గంటలయ్యాక 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి రెండో పూత. అలాగే మూడోది.
5. చలికాలంలో పొద్దు గూకడానికి నాలుగు గంటల ముందే పని ఆపండి.

రెక్క పై అంచు, అడుగు అంచు ఎవరికీ కనపడవు కాబట్టి ఎవరూ పూయరు. నీళ్ళు చెక్కలోకి పోయే దారి అవే. వానాకాలం తలుపు బిగుసుకుపోయి చిత్రిక పట్టించుకునే ఇళ్ళలో అడుగు అంచు తడిమి చూడండి, ఉత్త చెక్క తగులుతుంది. ముందుగా పూయాల్సింది దాన్నే.

గుడ్డల సంగతి. ఆరే గుణమున్న నూనెతో తడిసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయక్కర్లేదు. ప్రతి గుడ్డనూ నీళ్ళ బకెట్‌లో ముంచండి, లేదా తీగ మీద విడివిడిగా ఆరేయండి. ఆ ఇనుప బకెట్ ఇందుకే.

## 12. గడప

గడపకు వేరే లెక్క. దాని మీద అడుగులు పడతాయి, నీళ్ళు పడతాయి, శుక్రవారం శుక్రవారం పసుపు పడుతుంది.

పాత పసుపు మరక తీయాలంటే స్పిరిట్ గుడ్డతో తుడవండి, మిగిలిన ఛాయ కొన్నాళ్ళ ఎండకు వెలిసిపోతుంది. సోడా, సబ్బు పొడి పెట్టి రుద్దకండి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టు, వాటికీ గడప ఎర్రబడుతుంది. మా గడపకు అదే అయింది. మా అమ్మ శుభమే కదా అని నవ్వింది గానీ, టేకు మీద ఆ ఎరుపు పోగొట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

గడపకు వార్నిష్ వేస్తే నడిచే చోట ఆరు నెలల్లో అరుగుతుంది, అంచుల్లో మిగులుతుంది, చూడ్డానికి గజ్జిలా ఉంటుంది. నూనె మూడు పూతలు వేయండి. లేదా ఎలాగూ పసుపు పూస్తారు కాబట్టి పైభాగానికి పసుపు ఎనామిల్ వేసి, ముందు వైపు టేకు కనపడేలా వదలండి. మా ఇంట్లో ఈ రెండోదే నిలిచింది. ఏది వేసినా వారం రోజులయ్యాకే పసుపు కుంకుమ పెట్టాలి.

## 13. తేడా వస్తే

మూడు రోజులైనా జిగటగా ఉంది. నూనె అయితే, టర్పెంటైన్ గుడ్డతో గట్టిగా రుద్ది తుడిచేయండి. వార్నిష్ అయితే మరో నాలుగు రోజులు ఎండ తగలనివ్వండి. అప్పటికీ ఆరకపోతే టేకు నూనె తుడవకుండా వేశారన్నమాట, ఆ పూత తీసేయాలి. పైన ఇంకో పూత వేసి కప్పేద్దామనుకోకండి.

తెల్లగా మంచు పట్టినట్టుంది. సాయంత్రం తేమలో వేశారు. రెండు రోజుల ఎండకు పోతే సరే. పోకపోతే 320తో రుద్ది మధ్యాహ్నం పూట ఒక పూత.

చారలు. ఎండలో వేశారు, లేదా ఆరుతున్న చోటికి మళ్ళీ బ్రష్ పెట్టారు. పూర్తిగా ఆరాక రుద్ది, ఒక పలక మధ్యలో ఆపకుండా వేయండి.

బుడగలు. డబ్బా ఊపారు, లేదా చెక్క తడిగా ఉంది. చెక్క తడి అయితే ఎన్నిసార్లు వేసినా అంతే.

ఒక్కచోటే పొర లేస్తోంది. లేచిన చోటు దాటి గట్టిగా పట్టి ఉన్న చోటుదాకా రుద్ది, అంచు వేలికి తగలకుండా చేసి, ఆ పలక మొత్తానికి పూత వేయండి.

## 14. ఆ తర్వాత

ఏటా దీపావళి వెళ్ళాక ఒకసారి ఇల్లు చుట్టి రండి. కోస్తాలో అయితే తుఫాన్ల కాలం దాటాక.

- తలుపు మీద, స్తంభాల అడుగున నీళ్ళు చిలకరించండి. చుక్కలు ముత్యాల్లా నిలిస్తే ఏమీ అక్కర్లేదు. చెక్క ముదురు రంగుకి తిరిగి నీళ్ళు పీలిస్తే ఆ శీతాకాలంలోనే పూత వేయాలి.
- వార్నిష్ మెరుపు తగ్గగానే పూత వేసేయండి, పగుళ్ళ దాకా ఆగితే మళ్ళీ ఏడో భాగం నుంచి మొదలు.
- స్తంభం, రాతి దిమ్మ కలిసే చోట మట్టి, ఆకులు పేరుకోకుండా ఊడ్చండి. అక్కడ సిమెంటు పూసి మూయకండి, లోపలి తేమ బయటికి రాలేక చెక్క కుళ్ళుతుంది.
- తలుపు తుడవడానికి తడిపి పిండిన గుడ్డ చాలు. ఫినాయిల్, యాసిడ్ వద్దు.

ఇత్తడి గుబ్బలు, గొళ్ళాలు ఆఖరి పూత వేసిన మూడో రోజున బిగించండి, పాత స్క్రూలు తుప్పు పట్టి ఉంటే ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీల్‌వో కొత్తవి వేయండి. మిగిలిన వార్నిష్‌ని చిన్న సీసాలో మూతదాకా నింపి, పైన రకం, కొన్న తేదీ, ఏ తలుపుకి వేశారో రాసి పెట్టుకోండి.